బావ వదిలేసిన కొమ్ముకోనం

ఆ రోజుల్లో బొగ్గుబాయిలో నాకు ఉద్యోగం కొత్త, పొగరు మాత్రం బాగా పాతది. గోదావరిఖనిలో మా అక్క భర్త, అంటే మా బావే, నాకు బాయిపని నేర్పాడు. పాత ఓపెన్‌కాస్టు గుంతలో నిలిచిన నీళ్లలో కొర్రమట్ట చేపలు పట్టడంలో కాలనీలో ఆయన్ని మించినవాడు లేడు. ఆ ఏడు ఆయన ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందని దవాఖానలో చెప్పారు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నాక, "ఊపిరి ఉండంగనే సముద్రంల ఒక్క పెద్ద చాపను గుంజాలె" అన్నాడు. (అక్క ముందు ఏడ్చింది, ప్రయాణంనాడు పులిహోర కట్టింది.)

బయల్దేరే ముందు సాధన కూడా చేశాం. క్వార్టర్ వెనక నా నడుముకు తాడు కట్టి, చేపలాగా కొట్టుకొమ్మనేవాడు. రెండుసార్లు గుంజేసరికి దగ్గొచ్చి కూలబడేవాడు. పారిపోవడానికి మనసొప్పని చేపలా నేను అక్కడే నిలబడేవాణ్ని.

విశాఖలో ఓ ముసలి మత్స్యకారుడు తన మరపడవలో మమ్మల్ని లోపలికి తీసుకెళ్లాడు. మేం పట్టబోయే కొమ్ముకోనం చేప మనిషికన్నా పొడుగట, ముక్కు బల్లెంలా ఉంటుందట, గేలానికి తగిలితే గంటలకొద్దీ లాగాలట. ఒడ్డు కనిపించకుండా పోయేసరికి నా కడుపులోని పులిహోర మొత్తం చేపలపాలైంది. బావ మాత్రం చేతికి గుడ్డ చుట్టుకుని, గేలం తాడు పట్టుకుని నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం తాడు ఒక్కసారిగా బిగుసుకుని కీచుమంది. దూరంగా నీలం వీపొకటి నీళ్లమీదికి లేచింది. బాయిలో బొగ్గుటబ్బులను లాగే ఇనుపతాడు అలా బిగిస్తే, అది తెగి కొట్టేలోపు గోడకు అంటుకుపోవాలి. మాకు మొదట నేర్పేది అదే. బావ తాడు వదిలేశాడు. రెండు చేతులతో నన్ను ఇంజను గదికి అదిమిపెట్టి, అడ్డంగా నిలబడ్డాడు. చుట్టిన కొయ్యతో సహా తాడంతా సముద్రంలోకి పోయింది.

"ఒగ్గేసినారేటి బాబూ" అన్నాడు ముసలాయన, నవ్వాలో ఏడవాలో తెలియక.

తిరుగు రైల్లో నేను అలిగి కూర్చున్నాను. కాలనీలో ఏం ముఖం పెట్టుకుని తిరగాలన్నదే నా బాధ. వరంగల్ దాటాక బావ మెల్లగా అన్నాడు. "చాపదేమున్నదిరా. తాడు కీచుమంటె నాకు నువ్వే కనవడ్డవు."

ఆయన మళ్లీ సముద్రం చూడలేదు. మరుసటి వానాకాలం పోయాడు. ఇప్పుడు నా షిఫ్టులో కొత్త పిల్లలున్నారు. తాడు బిగిసిందంటే నా చేయి ముందు పక్కవాడి ఛాతీ మీదికి పోతుంది. అప్పుడు, ఒక చేప కోసం వరంగల్ దాకా మూతి ముడుచుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ నవ్వు పూర్తికాకముందే బావ దగ్గు వినిపిస్తుంది.