గురి తప్పిన చెప్పు

మా ఫుట్‌బాల్ క్లబ్బుకి శిక్ష పడిందంటే మా రేవు ఊరు కవాలా అంతా తల పట్టుకుంటుంది. మా మూడో అంతస్తులో ఉండే అసిమీనా అక్క మాత్రం అదే రోజు సాయంత్రం సెయింట్ బార్బరా పటం ముందు దీపం పెడుతుంది. దేవుడి దయవల్ల ఆ దీపానికి ఏ ఏడూ సెలవు రాలేదు. మా పెలార్గోస్ జట్టు ఐరోపా పోటీల్లోకి వెళ్తుంది, ఎవడో ఒకడు మైదానంలోకి ఏదో ఒకటి విసురుతాడు, ఐరోపా ఫుట్‌బాల్ పెద్దలు ఆ తర్వాతి ఆటకి స్టేడియం తలుపులు మూయిస్తారు. విసిరినవాడు హోటల్లో కాఫీ తాగుతూ ఆట టీవీలో చూస్తాడు. టికెట్టు కొనుక్కుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, సీటు మీద కాలు కూడా పెట్టనివాళ్ళు ఇంట్లో కూర్చుంటారు. దీన్ని న్యాయం అంటారు. నేను రిటైరయ్యేదాకా సిటీ బస్సు నడిపాను. వెనక సీట్లో ఒకడు ఉమ్మేశాడని అందర్నీ దింపేసి ఖాళీ బస్సు తోలుకుపోయిన రోజు ఒక్కటీ లేదు. నాకు పెద్ద చదువులు లేవు కాబట్టి తోచలేదేమో.

పెలార్గోస్ అంటే కొంగ. మా ఆటగాళ్ళ చొక్కా మీద ఒంటికాలి కొంగ ఉంటుంది. శిక్ష పడినప్పుడల్లా మర్నాడు మా క్లబ్బు అధ్యక్షుడు టీవీలో కళ్ళు అరమోడ్చి హింసను ఖండిస్తాడు. కొంగ క్లబ్బుకి కొంగ జపం ఒకరు నేర్పాలా?

అసిమీనా అక్క ఈ జపాలేవీ వినదు. వయసులో ఉన్నన్నాళ్ళూ పొగాకు గిడ్డంగిలో నేలమీద కూర్చుని ఆకులు ఏరి ఏరి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మా బిల్డింగులో లిఫ్టు చెడిపోయి మూడేళ్ళయింది కాబట్టి మూడేళ్ళుగా ఆవిడ కిందికి దిగలేదు. ఆవిడకి ఊరంటే ఆ బాల్కనీయే. ఒక పేము కుర్చీ, ఒక తులసి కుండీ, తాడు కట్టిన బుట్ట. బుట్ట కిందికి వదిలితే కూరగాయల కొట్టతను ఏవో వేసి పంపుతాడు. కుర్చీ కాస్త ఎడమకి జరిపితే రెండు మేడల సందులోంచి చారెడు సముద్రం కనిపిస్తుంది.

ఎదురుగా కనిపించేది స్టేడియం పదహారో గేటు. మా వీధి ఎంత ఇరుకంటే, ఆ మూల గోడ ఎంత పొట్టిదంటే, అక్క బాల్కనీలోంచి ఆలివ్ గింజ ఊస్తే కార్నర్ జెండా దగ్గర పడుతుంది. ఆట రోజున ఆవిడ తలుపులన్నీ బిగించి, సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కుతుంది. అయినా పోలీసులు వదిలే బాష్పవాయువు ఎలాగో దూరుతుంది. గోడ ఇవతల నాకు ఆవిడ దగ్గు వినిపిస్తూనే ఉంటుంది. స్టేడియం మూసిన రోజు మాత్రం ఆవిడకి పండగ. తలుపులు బార్లా తీసి, చిన్న కప్పులో కాఫీ, గిన్నెలో చెంచాడు సీమదానిమ్మ మురబ్బా పెట్టుకుని బాల్కనీలో కూర్చుంటుంది. ఖాళీ మైదానంలో బంతి తన్నిన చప్పుడు, కోచ్ తిట్ల చప్పుడు, అంతే. "మగాళ్ళు ఇంత తక్కువ గోలతో కూడా ఆడుకోగలరన్నమాట," అంటుంది నాతో.

ఈ ఏడు పదహారో గేటులో ఎవడో ప్లాస్టిక్ సీటు పెరికి నార్వే గోల్‌కీపరు వీపు మీదికి విసిరాడు. శిక్ష: ఒక ఆట ఖాళీ స్టేడియంలో. దాంతోపాటు ఒక హెచ్చరిక: ఇంకొక్క వస్తువు మైదానంలో పడితే రెండేళ్ళు ఐరోపా పోటీల గడప తొక్కనివ్వరు. అదే నెలలో ఏదో డబ్బున్న దేశపు క్లబ్బు తాలూకు జనం సగం బజారు పగలగొడితే పెద్దలు "విచారం" వ్యక్తం చేసి ఊరుకున్నారు. వాళ్ళ విచారం ఖరీదైనది, మాలాంటి వాళ్ళకి దొరకదు.

అక్క దీపం పెట్టింది. గురువారం కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. సోమవారం ఆర్గిరిస్ వచ్చాడు.

ఆర్గిరిస్ అంటే పదహారో గేటు కుర్రాళ్ళకి నాయకుడు. కుర్రాడని అంటున్నాను గానీ నడినెత్తిన బట్టతల మొదలైంది. పగలు కరెంటు పని చేస్తాడు, ఆట రోజు మెగాఫోను పట్టుకుంటాడు. పాలకోవా మిఠాయి తట్ట చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"బాగున్నావా పిన్నీ? మోకాళ్ళెలా ఉన్నాయ్?"

"నా మోకాళ్ళతో నీకేం పనిరా? కిందటేడు నా దుప్పటి కాల్చినప్పుడు అడిగావా?"

"అది మావాళ్ళు కాదు పిన్నీ."

"ఎప్పుడూ మీవాళ్ళు కాదు. ఆ గేటు దగ్గర నిలబడేది దయ్యాలు కాబోలు."

"గురువారం మీ బాల్కనీ కావాలి. ఎనిమిది మందిమే వస్తాం. బుద్ధిగా కూర్చుని చూసి పోతాం."

"ఏడాదంతా ఈ వీధి మీదేగా. ఆ ఒక్క సాయంత్రం నాది. పో."

ఆర్గిరిస్ పోలేదు. మెట్ల వైపు, తుప్పు పట్టిన లిఫ్టు తలుపు వైపు చూశాడు. "ఇది బాగుచేస్తే?" అన్నాడు.

"మూడేళ్ళ నించి ఇళ్ళ ఓనర్లు దాని మీద మీటింగులు పెడుతున్నారు."

"మేం మీటింగులు పెట్టం పిన్నీ."

బుధవారం పొద్దున్నకి లిఫ్టు నడిచింది. మోటారు ఎక్కడిదని మేమెవ్వరం అడగలేదు. అదే రోజు పక్కవీధి ఆఫీసులో లిఫ్టు ఆగిపోవడానికీ దానికీ ఏం సంబంధం ఉంటుంది? అక్క నా చెయ్యి పట్టుకుని కిందికి దిగింది, రేవు దాకా నడిచింది, వంగి సముద్రంలో చెయ్యి ముంచి ముఖం తుడుచుకుంది. తిరిగొచ్చి షరతులు చెప్పింది: చెప్పులు, బూట్లు గుమ్మం బయట. బూతులు బయట. మతాబులు అసలే బయట.

గురువారం ఎనిమిది మంది అని చెప్పిన చోట ఇరవై మందికి పైనే వచ్చారు. నేనూ ఉన్నాను, నా పెలార్గోస్ చొక్కాతో సహా. పోలీసుల మీద రాళ్ళు రువ్విన వీరులంతా మేజోళ్ళతో, మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, అక్క ఇచ్చిన మిఠాయి చెంచాలతో తింటూ కూర్చున్నారు. పాటలు గుసగుసగా పాడారు. రిఫరీని తిట్టాల్సి వచ్చినప్పుడు అక్క వైపు చూసి "వంకాయ్" అన్నారు. ఆట సగానికొచ్చేసరికి రిఫరీ వంకాయ, గుమ్మడికాయ, కుళ్ళిన ఉల్లిపాయ అన్నీ అయ్యాడు. అక్క నవ్వు ఆపుకోలేక కొంగు లేక చేత్తోనే నోరు మూసుకుంది.

ఆఖర్లో మావాళ్ళు గోలు కొట్టారు.

అంతే, ఆర్గిరిస్ చొక్కా చేతిలోంచి ఎర్ర మతాబు ఎలా బయటికొచ్చిందో, ఎలా వెలిగిందో తెలియదు. వాడి చెయ్యికి అదొక అలవాటు, పాపం, మనిషిని అడక్కుండా పనిచేస్తుంది. మతాబు రెయిలింగు దాటి వెళ్ళి మైదానం అంచున పొగలు కక్కుతూ పడింది. అక్క కుడికాలి ఇంటి చెప్పు తీసి వాడి తలకేసి విసిరింది. ఈ దేశంలో అమ్మల చెప్పు గురి తప్పదని ప్రతి కొడుక్కీ తెలుసు. ఆర్గిరిస్ కూడా ఒక అమ్మ కొడుకే, టక్కున వంగాడు. చెప్పు వాడి బట్టతల మీదుగా ఎగిరి, వీధి దాటి, గోడ దాటి, జెండా పట్టుకుని నిలబడ్డ లైన్ రిఫరీ వీపు మీద పడింది. ఆట ఆగిపోయింది. కిందనుంచి పెద్దల తాలూకు పరిశీలకుడు తలెత్తి మా బాల్కనీ వైపు చూశాడు. అప్పటికి బాల్కనీలో అక్క, నేను, తులసి కుండీ మాత్రమే మిగిలాం.

మర్నాడు క్లబ్బు మీద అభియోగం వచ్చింది. బాల్కనీ స్టేడియంలో భాగమా కాదా, అదీ ప్రశ్న. భాగమైతే పెలార్గోస్ రెండేళ్ళు ఇంట్లో కూర్చోవాలి. క్లబ్బు లాయరు క్సాన్థోపులోస్ కొత్త లిఫ్టెక్కి మరీ వచ్చాడు.

"చూడండమ్మా, ఆ రోజు ఇంట్లో మీరొక్కరే ఉన్నారు, రెండూ మీరే విసిరారు, అంటే చాలు. మీకు టికెట్టు లేదు, మీరు మా అభిమాని కారు. క్లబ్బు బయటపడుతుంది. మీ వయసులో మిమ్మల్ని ఎవరేం చేస్తారు?"

"మతాబు ఎలా వెలిగించాలో కూడా నాకు తెలీదు నాయనా."

"వెలిగించక్కర్లేదమ్మా, వెలిగించానంటే చాలు."

"చెప్పు నాది. అదొక్కటే చెప్తాను."

ఆ సంగతి వీధికి తెలిసింది. ఆ రోజునుంచి తాడు బుట్ట ఖాళీగా పైకొచ్చింది. అక్క లిఫ్టులో కిందికి దిగితే పలకరించేవాళ్ళు లేరు. గోడల మీద "ముసలిదానా, మా నోట్లో మట్టి కొట్టకు" అని రాశారు, తప్పుల్లేకుండా, అదొక్కటే సంతోషం. అక్క మాత్రం నాతో ఒకటే మాట: "ఆర్గిరిస్ వస్తాడు చూడు మాంథోస్. నేనే వేశానంటాడు. లిఫ్టు బాగుచేసిన పిల్లాడు, అంత చెడ్డవాడు కాదు."

విచారణ క్లబ్బు ఆఫీసులో తెర మీద జరిగింది. ఎక్కడో దూరాన కూర్చున్న ముగ్గురు పెద్దమనుషులు తెరలో కనిపించారు. నన్ను సాక్షిగా ఒప్పుకోలేదు, పెలార్గోస్ చొక్కా తొడుక్కున్నవాడి మాట చెల్లదట. ఆర్గిరిస్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"చెప్పు ఎవరు విసిరారు?" అని అడిగించారు దుభాషీ చేత.

"నేను. మీవాడికి తగలాలని కాదు. పాపం దెబ్బ తగిలిందా అతనికి?"

"మతాబు ఎవరు విసిరారు?"

అక్క మెడ తిప్పి ఆర్గిరిస్ వైపు చూసింది. వాడు నేలమీద గచ్చు పలకల అందం పరిశీలిస్తున్నాడు.

"విసిరినవాడికి నోరుంది. వాడే చెప్తాడు," అంది అక్క.

ఆర్గిరిస్ చూపు ఇంకో పలక మీదికి జరిగింది. అక్క మళ్ళీ తెర వైపు తిరిగింది. "అయ్యా, ఒక్క మాట. నేను విసిరినదానికి నన్ను శిక్షించండి. వాడు విసిరినదానికి వాణ్ణి వెతికి శిక్షించండి. ఊరందరికీ తలుపులు మూస్తే ఏమొస్తుంది?" తెరలో ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంత వింత ఆలోచన వాళ్ళ నిబంధనల్లో ఎక్కడా లేనట్టుంది.

తీర్పు వచ్చింది. బాల్కనీ సొంత ఇల్లు, స్టేడియం కాదు, కాబట్టి క్లబ్బు నిర్దోషి. మతాబు విసిరినవాడు తెలియదు, కాబట్టి ఆ సంగతి ముగిసింది. చెప్పు విసిరిన మనిషి తెలుసు, తానే ఒప్పుకుంది, కాబట్టి మూడేళ్ళ నిషేధం. జన్మలో అడుగుపెట్టని స్టేడియంలోకి ఆవిడ అడుగుపెట్టకూడదు. ఆట ఉన్న రోజు, జనం ఉన్నా లేకపోయినా, ఆ బాల్కనీ తలుపుకి సీలు వేయాలి. అమలు బాధ్యత క్లబ్బుది. సొంత మనిషి ఒక్కణ్ణి కూడా పట్టుకోలేని మా క్లబ్బు ఈ బాధ్యతని మహా ఉత్సాహంగా నెత్తికెత్తుకుంది.

ఊరు సంబరం చేసుకుంది. ఇంక స్టేడియం తెరిచినా మూసినా అక్క తలుపు మూసే ఉంటుంది. ఆవిడకున్న ఒక్క పండగనీ పీకేశారు.

"మూడేళ్ళా," అంది అక్క. "డెబ్బై ఎనిమిదేళ్ళ దానికి యావజ్జీవం అంటే సరిపోయేది, ఇంత లెక్క ఎందుకు."

తర్వాతి ఆట రోజు ఇద్దరు కాపలావాళ్ళు వచ్చి, బాల్కనీ తలుపుకి టేపు వేసి, హాల్లో కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. మనుషులు చాలక పదహారో గేటు దగ్గర ఆ రోజు తనిఖీ లేదని తర్వాత తెలిసింది. చెప్పేమో సాక్ష్యం కింద పెద్దల దగ్గరే ఉండిపోయింది. అక్క ఎడమ కాలికి తన చెప్పు, కుడికాలికి పోయిన మొగుడి చెప్పు వేసుకుని తడి తువ్వాళ్ళు పిండుతోంది. తోడుగా నేను కూర్చున్నాను.

ఆర్గిరిస్ వచ్చాడు. చంకలో ఒక పెట్టె. కాపలావాళ్ళని చూసి కాస్త తటపటాయించి లోపలికొచ్చాడు.

"కొత్త చెప్పులు పిన్నీ. మా గేటు వాళ్ళందరం కలిసి తెచ్చాం. లోపల ఉన్ని కూడా ఉంది, మోకాళ్ళకి మంచిదట."

"ఒక్క మాట అని ఉంటే సరిపోయేది కదరా."

"అంటే క్లబ్బు పోయేది పిన్నీ. నాకోసం కాదు, ఒట్టు."

అక్క పెట్టె తెరిచింది. ఒక చెప్పు తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "తీర్పు వచ్చేసిందిగా. బాల్కనీ స్టేడియం కాదన్నారుగా. ఇంక క్లబ్బుకేం కాదు. ఇదిగో, వీళ్ళిద్దరూ ఉన్నారు. ఇప్పుడు చెప్పు, మతాబు నువ్వేశావని."

ఆర్గిరిస్ కాపలావాళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఇప్పుడు చెప్తే నాకు శిక్ష పడుద్ది కదా పిన్నీ."

అక్క ఈసారి విసరలేదు. దగ్గరికెళ్ళి, ఎడం చేత్తో వాడి గడ్డం పట్టుకుని, కుడిచేతిలో చెప్పుతో చెంప మీద ఒక్కటిచ్చింది. ఉన్ని చెప్పే అయినా చప్పుడు బాగా వచ్చింది. కాపలావాళ్ళు ఇంటికప్పు వైపు చూశారు, వాళ్ళకి బాల్కనీ కాపలా తప్ప ఇంకేం అప్పజెప్పలేదు. ఐరోపా పోటీల తాలూకు శిక్ష తప్పు చేసినవాడికే పడగా చూడటం నా జీవితంలో అదే మొదటిసారి.

ఆర్గిరిస్ చెంప పట్టుకుని, లిఫ్టు ఉండగా మెట్ల మీంచే దిగిపోయాడు. కింద పదహారో గేటులో పాటలు మొదలయ్యాయి.

"తగిలిందా మాంథోస్?" అంది అక్క.

"తగిలిందక్కా."

అక్క మొగుడి చెప్పు విప్పి పక్కన పెట్టి, ఆ కొత్త చెప్పు కుడికాలికి వేసుకుంది. కాపలావాళ్ళకి కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.