అలీ సాహెబ్ తీసేసిన రెండు డయోడ్లు

నరసరావుపేటలో ఆంప్లిఫయర్ పాడైతే అలీ సాహెబ్ దగ్గరికే తీసుకెళ్ళమనేవారు. పదహారేళ్ళప్పుడు రేడియో షాపులో ఊడ్చే పనికి చేరినవాడు, అరవై ఏళ్ళు వచ్చేసరికి పల్నాడు మైకుసెట్ల వాళ్ళందరికీ పెద్దదిక్కయ్యాడు. "సాయిబు మూత బిగించాడంటే మళ్ళీ విప్పే పనుండదు" అని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

మాచవరం యల్లమంద ఇరవై ఏళ్ళుగా ఆయన దగ్గరికే వచ్చేవాడు. బుర్రకథ చెప్పే అంకమ్మ దళానికి మైకు అతనిదే. కిందటి మాఘంలో ఆంప్లిఫయర్ భుజాన వేసుకొచ్చి, "సాయిబన్నా, మైకులో గొంతు బొంగురుగా వస్తంది. అంకమ్మ తిడతంది. రెండింటి బస్సు అందుకోవాల" అన్నాడు.

మైకు నుంచి వచ్చేది వోల్టులో వెయ్యోవంతు. దాన్ని అందుకునే ట్రాన్సిస్టర్ అంత సుకుమారం. అదే పెట్టె వెనక నుంచి హారన్లకు వెళ్ళే లైన్లో వంద వోల్టులు ఉంటాయి. ఆ లైను పొరపాటున మైకు వైరుకు తగిలిందా, ట్రాన్సిస్టర్ అక్కడికక్కడే మాడిపోతుంది. అందుకే దాని ముందు బియ్యపు గింజంత డయోడ్లు రెండు కాపలా పెడతారు. వోల్టేజి హద్దు దాటితే అవి దాన్ని పక్కకు మళ్ళించి ఎర్తులోకి దింపేస్తాయి.

ఆ రెంటిలో ఒకటి చెడిపోయి గొంతును బొంగురు చేస్తోంది. అలీ సాహెబ్ రెండూ పీకేశాడు. గొంతు గంట కొట్టినట్టు పలికింది. కొత్తవి వేద్దామని సొరుగు లాగితే ఆ రకం లేవు. యల్లమందేమో గుమ్మంలో నిలబడి టైము చూస్తున్నాడు. ఈసారి వచ్చినప్పుడు వేద్దాంలే అనుకుని మూత బిగించేశాడు. అతనితో ఒక్క మాట చెప్పలేదు.

నెల తిరక్కుండానే పెట్టె వెనక్కొచ్చింది. వెల్దుర్తి దగ్గర ఒక ఊరి తిరనాళ్ళలో కథ మంచి పట్టులో ఉండగా మైకు మూగబోయిందట. అంకమ్మ ఉత్తగొంతుతోనే రెండు గంటలు కథ నడిపింది. ఆ తర్వాత పది రోజులు ఆమెకు మాట రాలేదు. జనం యల్లమందను నానా మాటలన్నారు.

మూత విప్పగానే అలీ సాహెబ్‌కు సంగతి తెలిసిపోయింది. ట్రాన్సిస్టర్ మాడిపోయి ఉంది. దాని ముందు డయోడ్ల చోటు ఖాళీగా కనబడుతోంది. షాపులో ఇంకో ఇద్దరు మైకుసెట్ల వాళ్ళు తొంగి చూస్తున్నారు. ఆయన నోటి వెంట మాట దొర్లిపోయింది.

"ఏంది యల్లమందా, హారన్ లైను తీసకపోయి మైకు బొక్కలో పెట్టావా?"

ఆ ఇద్దరూ పగలబడి నవ్వారు.

"ఒట్టు సాయిబన్నా, పెట్టలా" అన్నాడు యల్లమంద. మళ్ళీ తనే, "ఏమో, కళ్ళు చానా మసకేస్తన్నయ్. నేనే పెట్టుంటా" అని తలొంచుకున్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. యల్లమంద తెచ్చిన సంచిలోని మైకు వైరు చూస్తే, ఒకచోట జనం తొక్కిడికి పైతొడుగు చిరిగి రాగి బయటపడి ఉంది. హారన్ లైను తగిలింది అక్కడే. యల్లమంద తప్పు ఇసుమంతైనా లేదు. అది తెలిసి కూడా అలీ సాహెబ్ గుట్టుచప్పుడు కాకుండా కొత్త ట్రాన్సిస్టర్, డయోడ్లు వేసి పంపేశాడు.

అంకమ్మ వేరే మైకు చూసుకుంది. యల్లమంద పత్తి చేలల్లో మందు కొట్టే కూలికి పోతున్నాడని విన్న రోజు అలీ సాహెబ్‌కు ముద్ద దిగలేదు. భార్య ఖాతూన్ బీ గుచ్చి గుచ్చి అడిగితే అంతా చెప్పాడు.

"నాకెందుకు చెప్తావు? ఆయనకు చెప్పు" అందామె.

మర్నాడు మాచవరం వెళ్ళి, యల్లమందను అంకమ్మ ఇంటికి పిలిపించి, ఇద్దరి ముందూ ఒప్పుకున్నాడు.

"ఆర్నెల్ల నించి నా చేతుల్ని నేనే నమ్మట్లా సాయిబన్నా. ఇంట్లో బల్బు మార్చాలన్నా పక్కింటోణ్ణి పిలుస్తన్నా" అన్నాడు యల్లమంద.

"నా గొంతంటే పోయింది, మళ్ళా వచ్చింది" అంది అంకమ్మ. "యల్లమంద పరువు పోయింది నలుగుర్లో. నువ్వు మా ఇంట్లో చెప్పిపోతే సరిపోద్దా?"

దసరాకు, మైకు మూగబోయిన ఆ ఊళ్ళోనే మళ్ళీ కథ పడింది. కథ మొదలెట్టే ముందు అంకమ్మ అలీ సాహెబ్‌ను వేదిక మీదికి పిలిచింది. నలభై ఏళ్ళు మైకులు బాగుచేసినవాడు, మొదటిసారి మైకు ముందు నిలబడ్డాడు. "ఆ రోజు తప్పు యల్లమందది కాదు, నాది. కాపలా తీసేసి, నింద ఆయన మీద వేశాను" అన్నాడు. ఆ గొంతు నాలుగు హారన్లలోంచి ఊరంతా వినబడింది. ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెట్టె పక్కన కూర్చున్న యల్లమంద తలెత్తలేదు.

ఇప్పుడతను మళ్ళీ అంకమ్మ దళంతోనే తిరుగుతున్నాడు. పెట్టె చెడితే మాత్రం పిడుగురాళ్ళలో ఇంకొకరికి ఇస్తాడు. నరసరావుపేట బజార్లో ఎదురైతే, "బాగుండావా సాయిబన్నా" అని తనే పలకరిస్తాడు. అలీ సాహెబ్ తలూపుతాడు గానీ, కళ్ళెత్తి అతని ముఖంలోకి చూడలేడు.