సైలెన్సరుకు పూసిన వంటమట్టి

మొన్న తిరుత్తణిలోని మా ఇంటికి వస్తూ, సైలెన్సరు తుప్పుపట్టి దడదడమంటుంటే కారును తిరువళ్లూరులో షెడ్డుకు తీసుకెళ్లాను. అతుకు వేయడం కుదరదు, మొత్తం మార్చాల్సిందేనన్నారు. ఊడదీసి పక్కన పడేసిన ఆ గొట్టాన్ని చూడగానే నాకు మేనత్త గుర్తుకొచ్చింది.

డెబ్బయ్యో దశకం చివర్లో, నేను పత్రికలో చేరిన కొత్తలో, టైఫాయిడ్ వచ్చి దక్కుతానో లేదో అన్నట్టు పడి ఉంటే, తల్లిలేని నన్ను పెంచిన మా అత్త తన తలనీలాలిస్తానని తిరుత్తణి స్వామికి మొక్కుకుంది. నేను లేచి తిరిగాక, ఆడికృత్తిక తిరునాళ్ల నాడు తిరువళ్లూరు నుంచి మామ పాత కారులో ముగ్గురం బయలుదేరాం. ఆ రోజుల కార్లు మన వయసు వాళ్లకు తెలిసినవే. దారిలో కింద గొట్టం తుప్పు తినేసి చిల్లిపడి, పొగంతా అడుగు రేకు సందుల్లోంచి లోపలికి వచ్చేసింది. అసలే ఉబ్బసం మనిషి, అత్తకు ఊపిరాడలేదు. కనకమ్మ సత్రం అనే ఊరి దగ్గర ఆపి, బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు, ఇంటికి తిరిగిపోదామన్నాడు మామ.

“బిడ్డ లేచి తిరగతా ఉండాడు. మొక్కిన తల మోసుకోని వెనక్కి యాడికి వస్తా? నువ్వు పో, నేను నడిచి పోతా” అంది అత్త, మాటమాటకీ రొప్పుతూ.

కావళ్లు మోసుకెళ్లే భక్తులకు అన్నం పెట్టడానికి రోడ్డు పక్కన పందిలి వేసి ఉంది. గంగాళాలకు మసి పట్టకుండా అడుగున మట్టి పూస్తున్న వంటావిడ ఆ చేతులతోనే వచ్చి తొంగిచూసి, “ఏమన్నా, మా పొయ్యికన్నా మీ కారే ఎక్కువ పొగ పెడతా ఉందే!” అని నవ్వి, ఖాళీ నూనె డబ్బా ఒకటి తెచ్చిచ్చింది. గొట్టం చల్లారాక మామ ఆ డబ్బా రేకు కత్తిరించి చిల్లి మీద చుట్టి, కట్టుతీగతో బిగిస్తే, సందులన్నిటికీ ఆమె వంటమట్టినే మందంగా మెత్తాం. అది ఆరేదాకా పందిట్లోని ఆడవాళ్లు అత్తకు మజ్జిగ పోసి, వీపు నిమురుతూ కూర్చున్నారు. మళ్లీ బండి తీస్తే లోపలికి పొగ రాలేదు. అద్దాలు దించుకొని నెమ్మదిగా కొండ చేరాం.

తిరుగుదారిలో అత్త పట్టుబట్టి పందిలి దగ్గర ఆపించి ప్రసాదం పంచింది. వంటావిడ ఆమె గుండు చూసి, “కారుకు మేము మట్టి పూసి పంపిస్తే, నువ్వు నెత్తికి గంధం పూసుకోని వచ్చినావే అక్కా!” అంది. అంత బిగ్గరగా అత్త నవ్వడం నేను మళ్లీ వినలేదు.

మొన్న కొత్త సైలెన్సరు చక్కగా బిగించి పంపారు. చప్పుడు లేదు, పొగ లేదు, దారిలో ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేదు. కనకమ్మ సత్రం వచ్చినప్పుడు మాత్రం, కారుకు ఏ కష్టమూ లేకపోయినా, ఒకప్పుడు ఆ పందిలి ఉన్న చోట కాసేపు ఆపాను.