ఎవరి మోకాలు?

అందరూ అతన్ని కొలతలాయన అనేవారు. వరద ఎక్కడిదాకా వస్తుందో పటం గీయడం అతని ఉద్యోగం. గోడ మీద పాత నీటి చార కనిపిస్తే టేపు పెట్టి కొలిచేవాడు. గోడకు కొత్త రంగు వేసి ఉంటే ఇంట్లోవాళ్లను అడిగేవాడు. జనం అడుగుల్లో చెబుతారా? మోకాలి లోతంటారు, నడుము లోతంటారు. మోకాలంటే అడుగున్నర, నడుమంటే మూడడుగులని ఆఫీసులో ఎవరో మహానుభావుడు లెక్క కట్టాడు. రెండడుగులు దాటిన వీధికి ఎరుపు, దాటకపోతే పసుపు. హెచ్చరిక రాగానే ఎరుపు వీధులను ఖాళీ చేయిస్తారు.

తన అక్కావాళ్ల వీధికి వెళ్లినరోజు గోడలన్నీ కొత్త రంగుతో మెరుస్తున్నాయి. బావ గుమ్మంలో తల వంచి నడిచే పొడగరి.

"పోయినసారి నీళ్లు ఎంత వచ్చాయి బావా?"

"ఎంతోయ్, మోకాలి లోతు. దానికే వీధంతా గగ్గోలు పెట్టారు."

రెండు మెట్లు కిందికి ఉండే వంటింట్లోంచి అక్క తొంగిచూసింది. పై అరలో డబ్బా కావాలంటే ఆమెకు పీట ఉండాల్సిందే.

"మోకాలేంట్రా! నాకు నడుం దాకా వచ్చాయి."

"నీకు బకెట్లో నీళ్లు కూడా నడుం దాకానే కదక్కా."

బావ పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వి, గరిటె చూపించి బెదిరించింది. వీధికి పసుపు పడింది.

మూడేళ్లకు మళ్లీ ఏరు పొంగింది. బావ ఫ్యాక్టరీలో ఉన్నాడు. అక్క ఫోన్ చేసింది.

"పక్క వీధివాళ్లు వెళ్లిపోతున్నార్రా. నేనూ వెళ్లనా?"

"మీది పసుపక్కా. ఇంట్లోనే ఉండు."

పటం గీసిన తమ్ముడే చెప్పాక ఇంకేం భయం? ఆమె ఉండిపోయింది.

నీళ్లు తీశాక ఆమె వంటింట్లో దొరికింది. పీట గట్టు మీద ఉంది, ఆమె కింద ఉంది. కొలతలాయన చార కొలిచాడు. ముందుగదిలో బావ నడుము దాకా. వంటింట్లో అక్క తల మీద ఇంకో జానెడు. అతను అక్కడే కూలబడి ఏడ్చాడు. బావ తిట్టలేదు.

"తను చెప్పింది కదోయ్," అన్నాడు. "మనిద్దరం నవ్వాం."

ఇప్పుడు కొలతలాయన ఎవరైనా మోకాలంటే వంగి, ఆ మనిషి మోకాలికే టేపు పెడతాడు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టేది ఈయనేనని ఆఫీసులో వెక్కిరిస్తారు. ఆ మాటలు పడతాడు. ఇంట్లో అందరికంటే పొట్టివాళ్లను బయటికి పిలవమంటాడు.

"అమ్మా, మీకు ఎక్కడిదాకా వచ్చాయి?"

పక్కనుంచి మొగుడు ఏదో జోకు వేస్తాడు. కొలతలాయన నవ్వడు. ఆమె చెప్పిందే రాసుకుంటాడు.