పూలు లేని తోటలు

నా చిన్నప్పుడు ఉస్మాన్‌గంజ్‌లో మా తాతయ్యకు ఎండుమిర్చి, చింతపండు దుకాణం ఉండేది. దుకాణం వెనకే మా ఇల్లు. నేను బడికి పోలేదు. అక్షరాలు, ఎక్కాలు, రామనామం అన్నీ తాతయ్య చాప మీద కూర్చోబెట్టి నేర్పినవే. మా మిద్దె మీద ఒక నూనె డబ్బాలో నా చేత్తో నేనే నాటిన మల్లెకొమ్మ ఉండేది. దాని తొలి పూలు గల్లీ గుడిలో రాములవారికే ఇస్తానని మొక్కుకున్నాను.

మొక్క ఏపుగా పెరిగింది. రెండేళ్ళు గడిచినా ఒక్క మొగ్గ రాలేదు. నా భక్తి చాలలేదేమో అనుకుని, రోజూ పొద్దున దేవుడి అభిషేకం నీళ్ళన్నీ తెచ్చి దానికే పోసేదాన్ని. ఎండైనా వానైనా ఒక్కరోజు తప్పలేదు. డబ్బాలో మట్టి ఏనాడూ ఆరలేదు. మా నాయనమ్మకు మాత్రం ఓపిక అయిపోయింది.

"ఆకులతోటి దండ గుచ్చుతవా ఏందే? శ్రీరామనవమి దాంక చూస్త. పూయలేదంటె పీకి పారేసి, ఆ డబ్బాల కొత్తిమీర ఏస్త," అన్నది.

నేను ఏడుస్తూ తాతయ్య దగ్గరికి పోయాను. దేవుడికిచ్చిన మాట పోతుందని నా భయం. ఆయన ఓదార్చలేదు. "ఆదివారం దుకాణం బంద్ గద. తోటలు చూసొద్దాం పా," అన్నారంతే.

అప్పటికి కార్తీకమాసం ఆఖరుకు వచ్చింది. పూలు చూడబోతున్నానని పట్టులంగా కట్టుకుని బయలుదేరాను. తీరా నాంపల్లి పబ్లిక్ గార్డెన్‌కు వెళ్తే, గులాబీ మడుల్లో పువ్వన్నదే లేదు. చెట్లన్నీ మోకాలెత్తు మోడులయ్యాయి. పక్కన నరికిన కొమ్మల కుప్ప. పెద్ద కత్తెర పట్టుకుని ఒక ముసలి మాలీ ఇంకో మడి దగ్గర కూర్చున్నాడు.

"తాతా, గీయన చెట్లను సంపుతుండు," అన్నాను.

మాలీ విన్నాడు. "సంపుతలేను బిటియా, హజామత్ చేస్తున్న. మీ తాత గడ్డం గీక్కోడా? గీక్కుంటె మళ్ళ రాదా?"

తాతయ్య గడ్డం తడుముకుని నవ్వారు. మాలీ నన్ను దగ్గరికి పిలిచి, కోసిన చోటుకు కింద ఉన్న చిన్న కన్ను చూపించాడు. పాత కట్టె మీద ఏమీ రాదనీ, ఆ కన్ను నుంచి కొత్త కొమ్మ లేస్తేనే పువ్వనీ చెప్పాడు.

మధ్యాహ్నం బస్సెక్కి బార్కస్ పోయాం. మా దుకాణంలో మిర్చి కొనే ఒక అరబ్బు పెద్దాయన ఇంటి వెనక నిమ్మచెట్లున్నాయి. అక్కడ ఇంకా ఘోరం. మొదళ్ళ చుట్టూ మట్టి తవ్వేసి, వేళ్ళు ఎండకు పెట్టారు. ఆకులన్నీ వాడి వేలాడుతున్నాయి. నాకు ప్రాణం ఆగలేదు. తొట్టిలోంచి చెంబెడు నీళ్ళు ముంచుకుని ఒక చెట్టు దగ్గరికి పరిగెత్తాను. పెద్దాయన వచ్చి నా చేయి పట్టుకున్నాడు.

"నక్కో బేటీ, నక్కో. పానీ బంద్ చేసి ఇరవై రోజులాయె. ఇప్పుడు తాగినయంటె మళ్ళ ఆకులే ఏస్తయ్."

"మరి వాటికి దూప కాదా?"

"అయితది. దూపయితెనే దానికి కాయ యాదికొస్తది. యాదికొచ్చినంక నేనే కడుపునిండ పోస్త."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఆలోచించాను. అఫ్జల్‌గంజ్ దగ్గర పడుతుండగా అడిగాను, "తాతా, నా నీళ్ళే దాన్ని పూయనియ్యలేదా?"

"నన్నడుగుతవేంది? ఆళ్ళిద్దరు చెప్పిన్రు గద," అన్నారు ఆయన. మళ్ళీ ఆయనే, "అభిషేకం నీళ్ళు పొయ్యకని నేనంటె, నాతోటి లొల్లి పెట్టుకుంటుంటివి," అన్నారు.

మర్నాడు దుకాణంలో గోనెసంచులు కోసే కత్తెర తెచ్చి, రాముణ్ణి తలుచుకుని కొమ్మలన్నీ కత్తిరించాను, బలమంతా ఆకులకే పోకూడదని మిగిలిన ఆకులు దూశాను. నాయనమ్మ చూసి, "బాగున్నది, నాకు పీకే పని తప్పింది," అన్నది. అభిషేకం నీళ్ళు తులసికి పోశాను. అన్నిటికన్నా కష్టమైంది ఆ ఎండు డబ్బా పక్కనుంచి ఉత్త చేతులతో నడిచిపోవడమే. ఇరవై రోజులు అట్లా ఓర్చుకున్నాను. తర్వాత ఎరువు వేసి, నీళ్ళు నిండుగా పోశాను.

మాఘంలో చిగుర్లు. ఫాల్గుణం చివర, కొత్త కొమ్మల కొసన బియ్యపుగింజంత మొగ్గలు. శ్రీరామనవమి నాటికి నా లంగా ఒడి నిండింది. నాయనమ్మే అరటినార తడిపి దండ కట్టింది. పూజారి దాన్ని రాములవారి మెడలో వేస్తే పాదాల దాకా వచ్చింది. ఆ క్షణం నేను గుడిలో అందరికన్నా పొడుగ్గా నిలబడ్డాననిపించింది. నాయనమ్మ గల్లీలో ఆడవాళ్ళందరినీ ఆపి, "మల్లెకు నీళ్ళు బంద్ చేయాలె, ఆకు దుయ్యాలె, మీకు తెల్వదు," అని తానే కనిపెట్టినట్టు చెప్పుకుంటూ వచ్చింది. తాతయ్య నా వైపు చూసి మీసాల్లో నవ్వుకున్నారు.

అందరూ తోటలకు పూలకాలంలో వెళ్తారు. నేను ఇప్పటికీ చలికాలంలో, మడులు బోడిగా ఉన్నప్పుడు వెళ్తాను. ప్రభుత్వ తోటైనా సరే, ఎవరింటి పెరడైనా సరే, కత్తెరతో మాలీ కనబడితే నమస్కారం పెట్టి, ఎందుకు కోస్తున్నారని అడుగుతాను. విసుక్కున్నవాళ్ళు ఇంతవరకు ఒక్కరూ లేరు. వచ్చేముందు వాళ్ళ పేరడుగుతాను. మరునాడు పూజలో నా పిల్లల పేర్లు చెప్పుకున్నాక, ఆ పేరు కూడా దేవుడికి చెప్పుకుంటాను.