షామీర్‌పేట బస్సులో నా వంతపాట

మా కాకినాడలో నా కోతలకు టిక్కెట్టు పెట్టినా జనం వస్తారు. ఆ ధైర్యంతోనే మేడ్చల్‌లో షామీర్‌పేట బస్సెక్కి, చుట్టుపక్కల ఊళ్లలో పేరున్న పల్లెపాటల అక్కచెల్లెళ్లకు పదేళ్లు వంత పాడింది నేనేనని పక్కసీటు పెద్దావిడతో కోసేశాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. “గా ఇద్దరిల అక్కను నేనే కొడుకా. మా చెల్లె పోయి మూన్నెల్లాయె. ఇయ్యాల షామీర్‌పేటల మొదటిసారి ఒక్కదాన్నే పాడాలె. భయమైతున్నది. మంచిగ దొరికినవు, ఇగ వంతియ్యి!”

అంటూనే వరినాట్ల పాట అందుకుంది. దూకేద్దామంటే కిటికీ ఇరుకు. గత్యంతరం లేక గొంతెత్తాను. డ్రైవరు బస్సు ఆపేసి, “ఏందిరా, ఏమన్న ఊడిందా?” అని అరిచాడు.

“ఏం ఊడలే అన్నా, సారు పాడుతుండు,” అన్నాడు కండక్టరు.

ఆవిడ నవ్వు ఆపుకుని, నన్ను ఊరుకోమని సైగచేసి మళ్లీ మొదలుపెట్టింది. చెల్లెలు పాడే చరణం దగ్గర పాట ఆగిపోయింది. వెంటనే వెనకసీట్ల ఆడవాళ్లు, ఎవరూ అడక్కుండానే, ఆ చరణం ఎత్తుకున్నారు. ఏళ్ల తరబడి పొలాల్లో నాట్లేస్తూ ఆ అక్కచెల్లెళ్ల పాటకు బదులు పలికినవాళ్లట. ఇప్పుడు ఆవిడ పాట వినడానికే వెళుతున్నారు. మా వైపు పాట అయ్యాక చప్పట్లు కొడతాం. ఇక్కడ వినడమంటే తిరిగి పాడటమేనని నాకప్పుడే తెలిసింది.

షామీర్‌పేటలో ఆవిడ వాళ్లందరితో కలిసి దిగింది.

“ఏమ్మా, భయం పోయిందా?” అన్నాను.

“పోయింది కొడుకా. నువ్వు గూడ రా, ముందట కూసో. గని నోరు మాత్రం తెర్వకు.”