భారతి మేడం చూపించిన సైటు

పొద్దున మేడ్చల్‌లో మేం నడిపే కుక్కల ఆస్పత్రికి ఒకమ్మాయి కుక్కపిల్లను ఎత్తుకొని వచ్చింది. దగ్గరికి రాగానే ఆమె చున్నీ మీంచి కోడిపిల్లల వాసన కొట్టింది. అప్పుడే గుడ్డు పగిలి బయటపడ్డ పిల్లల వాసన అది, వెచ్చగా, కాస్త నీచుగా ఉంటుంది. హేచరీలో పనిచేస్తావా అని అడిగితే, "అవునక్కా, ఎట్ల దెలిసింది?" అని ఆశ్చర్యపోయింది. ఎట్లా తెలియదు! ఆ వాసన తగిలితే నాకు భారతి మేడం గుర్తొస్తుంది, ఆమె మమ్మల్ని కారులో తిప్పిన రోజు మొత్తం గుర్తొస్తుంది.

మేడం మాకు యూనివర్సిటీలో వెటర్నరీ టెక్నాలజీ పాఠాలు చెప్పేది. పొట్టి మనిషే గానీ గొంతు విప్పితే పక్క బిల్డింగు దాకా వినిపించేది. మత్తెక్కిన మేక ఊపిరి చూస్తున్నప్పుడు ఎవరైనా ఫోన్ వైపు కన్ను తిప్పారా, ఇక అయిపోయినట్టే. "డాక్టర్ సారు కత్తి దిక్కు చూస్తడు. జీవం దిక్కు చూసేటోళ్లు మీరే. మీరు గూడ చూడకుంటే దానికి ఇంకెవలున్నరు?" అని కడిగేసేది. మధ్యాహ్నం మళ్లీ తన డబ్బాలోని పచ్చిపులుసు అన్నం మాకే పెట్టేది. ఆమె తిట్లంటే మాకు ప్రాణం.

మా ఇంట్లో మాత్రం ఈ చదువు ఎవరికీ మింగుడుపడలేదు. మాది శామీర్‌పేట. నాయిన వ్యవసాయం మానేసి ప్లాట్ల వ్యాపారంలో దిగాడు. బిడ్డ పశువుల డాక్టరు కూడా కాదు, డాక్టరు పక్కన నిలబడేది అని చుట్టాలు ఎత్తిపొడిచేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది. రెండో ఏడాది మధ్యలో దుండిగల్ దగ్గర ఇంజనీరింగ్ సీటు మాట్లాడి, నన్ను తీసుకుపోవడానికి నేరుగా కాలేజీకే వచ్చాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆయన ముందు నోరు విప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. మేడం గదిలో గోడకు ఆనుకొని ఏడుపు ఆపుకుంటూ నిలబడ్డాను.

"గీ సదువు సదివితే ఏమైతది మేడం? పెండ తీస్తదా?" అన్నాడు నాయిన.

మేడం భగ్గుమంటుందనుకున్నాను. ఆమె నవ్వింది. "అన్నా, మీరు ప్లాట్లు ఎట్ల అమ్ముతరు? కాయితం మీద చూపిచ్చా?"

"గట్లయితే ఎవడు కొంటడు? కార్ల ఎక్కించుకొని సైటు కాడికి తీస్కపోత."

"నడువుండ్రి మరి. నేను గూడ సైటు చూపిస్త."

కారు నాయినదే. మేడం మమ్మల్ని ముందు తుర్కపల్లి తీసుకెళ్లింది. మందుల ల్యాబ్ లోపలికి బయటివాళ్లను రానివ్వరు కాబట్టి ఆమె పాత విద్యార్థి శ్రీకాంత్ గేటు దగ్గరికి వచ్చాడు. "కొత్త మందులు ఎలుకల మీద, కుందేళ్ల మీద పరీక్షిస్తరు సార్. వాటికి నొప్పి తెల్వకుండ చూసుకునుడు నా పని. ఎంత చూసుకున్నా ఆఖరుకు శానా మట్టుకు బతకయి. మొదట్ల నాకు బువ్వ దిగకపోతుండె" అన్నాడు. నాయిన మేడం మొహం చూశాడు, ఆమె కారు వైపు నడిచింది. తర్వాత హేచరీకి వెళ్లాం. అక్కడ ఆమె శిష్యురాలు జుట్టు నిండా నూగుతో, చచ్చిన కోడిపిల్లలను కోసి ఏ రోగమో వెతుకుతోంది. చివరికి మేడ్చల్‌లో ఒక కుక్కల ఆస్పత్రి. అక్కడ ఇంకో శిష్యురాలు, మత్తు దిగుతున్న కుక్క తలను ఒళ్లో పెట్టుకొని నేల మీద కూర్చుంది. నాయిన లేచి నమస్కారం పెట్టేంత పెద్దమనిషి ఒకాయన తన కుక్క కోసం ఆ పిల్ల ముందు వంగి, "ఎట్లున్నడమ్మా?" అని బతిమాలుతున్నట్టు అడుగుతున్నాడు.

బయట చాయ్ తాగుతూ నాయిన అన్నాడు. "మేడం, మేము సైటు చూపిచ్చేటప్పుడు మురికినీళ్లు పారే మోరీ దిక్కు కారే తిప్పం. మీరు ముందుగాల మోరీనే చూపిచ్చిన్రు. గిట్లయితే బేరం కుదురుతదా?"

"నేను అమ్ముతలేనన్నా. రేపు అండ్ల ఉండేది మీ బిడ్డ. మోరీ ఏడున్నదో ఆమెకు తెల్వాలె గద. నేను చూపిచ్చుడైతే అయింది. ఇగ ఆమెను అడిగేది మీరే."

అంతే, మేడం నోరు మూసుకుంది. అంత మాటకారి, ఒక్క ముక్క సాయానికి రాలేదు. నాయిన గ్లాసు పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "నీకేమనిపిస్తాంది బిడ్డా?"

"తుర్కపల్లి మాటలు ఇంటే నాక్కూడ భయమైంది నాయినా. అయినా నేను గిదే సదువుత."

ఆయన ఇంకో చాయ్ చెప్పాడు. "మస్తు పరేషాన్ జేసిన్రు మేడం" అన్నాడు, కోపం లేకుండానే. తిరిగి మమ్మల్ని కాలేజీ దగ్గర దించాడు. నన్ను తీసుకుపోలేదు.

మేడం రిటైరైంది. ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు తిట్టి, తర్వాతే బాగున్నావా అంటుంది. ఆమె అంటే నాకెంత ప్రేమో ఎదురుగా ఎప్పుడూ చెప్పలేదు, ఇక్కడ చెప్పేస్తున్నాను.

మొన్న ఒక ముసలాయన తన ముసలి కుక్కను తెచ్చాడు. డాక్టరు గారు పరీక్ష చేసి వెళ్లాక, ఆయన నా వైపు తిరిగాడు. ఆపరేషన్ చేసినా బతికే ఆశ తక్కువేనని ముందే చెప్పేశాను. తర్వాత ఏమేం చేయవచ్చో చెప్పి, "మీకేమనిపిస్తాంది తాతా?" అని అడిగి ఊరుకున్నాను. అట్లా ఊరుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. బయట జనం తొందరపెడుతున్నారు. ఆయన కుక్క చెవులు నిమిరాడు.

"ఇంటికి తీస్కపోత బిడ్డా. దానికి మా వాకిలంటే పాణం."

కుక్కను నేనే ఎత్తుకెళ్లి ఆటోలో ఆయన ఒళ్లో పడుకోబెట్టాను.